నీట్ లాంగ్‌టర్మ్: ఫిజిక్స్ వదిలేసి బయాలజీతో గట్టెక్కవచ్చా?

ప్రశ్న: ఇంటర్ బైపీసీ పూర్తయింది. నీట్‌లో 720కి 395 వచ్చాయి. కీతో సరిచూసుకుంటే బయాలజీలో 67 ఒప్పు, 23 తప్పు (245). కెమిస్ట్రీలో 27 ఒప్పు, 10 తప్పు, 8 వదిలేశాను (98). ఫిజిక్స్‌లో 19 ఒప్పు, 24 తప్పు, 2 వదిలేశాను (52). నీట్ మళ్లీ రాయడానికి ఏడాదిపాటు నడిచే లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరుతున్నాను. ఫిజిక్స్ నాకు ఎప్పటికీ రాదనిపిస్తోంది. దాన్ని పక్కనపెట్టి బయాలజీ 340కి తెచ్చుకుంటే చాలా? ఏ పుస్తకాలు చదవాలి? రోజుకు ఎన్ని గంటలు?

సమాధానం:

ఫిజిక్స్ పక్కన పెట్టొద్దు. ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదిది, మీరిచ్చిన అంకెల్లోనే ఉంది.

ఒప్పుకు 4, తప్పుకు −1 కాబట్టి బయాలజీలో 340 అంటే 90 ప్రశ్నల్లో 86 ఒప్పు, 4 తప్పు. అంత చేసినా మొత్తం 490 దగ్గర ఆగిపోతారు. పైగా నాలుగు తప్పుల హద్దులో ఉండటం ఏడాదంతా బయాలజీయే చదివినవాళ్లకూ కష్టం. ఒక అసెర్షన్-రీజన్ ప్రశ్న, ఒక ‘కింది వాటిలో సరికానివి ఎన్ని’ ప్రశ్న చాలు, ఆ హద్దు దాటిపోతుంది. ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. బయాలజీ 80 ఒప్పు, 10 తప్పు (310). కెమిస్ట్రీ 37 ఒప్పు, 8 తప్పు (140). ఫిజిక్స్ 28 ఒప్పు, 12 తప్పు (100). మొత్తం 550. ఇందులో ఏ సబ్జెక్టులోనూ టాపర్ కానక్కర్లేదు. ఫిజిక్స్‌లో కొత్తగా తెచ్చుకోవలసింది తొమ్మిది ప్రశ్నలు, తగ్గించుకోవలసింది పన్నెండు తప్పులు. ఆ రెండూ కలిపి 48 మార్కులు.

‘ఎన్ని మార్కులకు సీటు’ అని పాత పట్టికలు చూసి లక్ష్యం పెట్టుకోకండి. 2024లో తుది ఫలితాల్లో 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో ఫిజిక్స్ పేపరు బిగించేసరికి దేశంలో మొదటి ర్యాంకుకే 686. జనరల్ అర్హత మార్కు కూడా 162 నుంచి 144కి దిగింది. మార్కు పేపరును బట్టి మారుతుంది, సీటు వచ్చేది ర్యాంకును బట్టి. 2025 ఇంకో సంగతి కూడా చెప్పింది: ఫిజిక్స్ కష్టంగా వచ్చిన ఏడాది, ఫిజిక్స్‌లో 100 తెచ్చుకున్నవాళ్లు బయాలజీ మీదే ఆధారపడ్డవాళ్లను దాటి ముందుకు వెళ్తారు.

తప్పుల గురించి ముందు ఒకటి తేల్చుకుందాం, ఎందుకంటే మీ పేపర్లో 57 తప్పులున్నాయి. ‘తెలియనిది ముట్టుకోకు’ అని అందరూ చెప్తారు. లెక్క ప్రకారం అది పూర్తిగా నిజం కాదు. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెడితే సగటున పావు మార్కు లాభమే: నాలుగింట ఒకసారి +4, మూడుసార్లు −1. ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తెలిస్తే ప్రశ్నకు సగటున 0.67, రెండు కొట్టేయగలిగితే 1.5. కాబట్టి రెండు ఆప్షన్లు తీసేసినచోట పెట్టడమే సబబు. మరి 24 తప్పులు ఎలా వచ్చాయి? గుడ్డిగా పెట్టినవి అన్ని ఉండవు. సగం తెలిసి, లెక్క సగం చేసి, వచ్చిన జవాబు ఆప్షన్లలో కనబడగానే పెట్టేసినవే ఎక్కువ ఉంటాయి.

ఉదాహరణకు 20 సెం.మీ. నాభ్యంతరం ఉన్న కుంభాకార కటకం ముందు 30 సెం.మీ. దూరంలో వస్తువు. సైన్ కన్వెన్షన్ (దూరాలకు ప్లస్, మైనస్ పెట్టే నియమం) పాటిస్తే 1/20 నుంచి 1/30 తీసేయాలి, 1/60, ప్రతిబింబం 60 సెం.మీ. దగ్గర. వస్తు దూరానికి మైనస్ పెట్టడం మరిచిపోతే 1/20కి 1/30 కలుపుతారు, 12 సెం.మీ. వస్తుంది. ప్రశ్న తయారుచేసేవాళ్లకు ఈ తప్పు ముందే తెలుసు, ఆప్షన్లలో 12 ఉంటుంది. అందుకే సగం తెలిసిన ప్రశ్నలో ‘ఇదే అనిపిస్తోంది’ అని పెట్టేది గుడ్డి గురి కంటే అధ్వానం. మన దగ్గర ఈ అలవాటుకు ఇంకో మూలం ఉంది. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు, 160 ప్రశ్నలకూ ఏదో ఒకటి దిద్ది రావడమే పద్ధతి. రెండు పరీక్షలకూ ఒకేసారి తయారైన పిల్లలు అదే చేయి నీట్‌కూ తీసుకెళ్తారు.

ఇక ఫిజిక్స్. బైపీసీ వాళ్లకు ఫిజిక్స్ రాకపోవడానికి చాలామందిలో కారణం ఫిజిక్స్ కాదు, లెక్కలు. పదో తరగతి తర్వాత మాథ్స్ పేపరు లేదు. క్లాసులో మాస్టారు బోర్డు మీద డిఫరెన్షియేషన్ వేస్తుంటే బొమ్మలా ఎక్కించుకుంటారు. అందుకే మొదటి రెండు వారాలు ఫిజిక్స్ చాప్టర్ ఏదీ తెరవకండి. పదుల ఘాతాలతో గుణకారం, భాగహారం. భిన్నాలు. 30, 37, 45, 53, 60 డిగ్రీల సైన్, కాస్ విలువలు. వెక్టర్‌ను రెండు దిక్కుల్లోకి విడదీయడం. గ్రాఫులో వాలు ఏమిటి, కింద ఉన్న వైశాల్యం ఏమిటి. ఘాతాలు, సైన్, కాస్, ఎక్స్‌పొనెన్షియల్, లాగ్‌ల డిఫరెన్షియేషన్, అందులో తేలికైనవాటి ఇంటిగ్రేషన్. చిన్న విలువలకు బైనామియల్ ఉజ్జాయింపు. 2, 3, 5, 7 లాగరిథమ్‌లు: 0.301, 0.477, 0.699, 0.845. రోజుకు గంటన్నర చొప్పున రెండు వారాల్లో అయిపోతుంది. కాలిక్యులేటర్ ముట్టుకోవద్దు, నీట్‌లో ఉండదు. ఈ లాగ్‌లు కెమిస్ట్రీలో పీహెచ్‌కూ, ఫస్ట్ ఆర్డర్ రియాక్షన్లకూ కూడా పనికొస్తాయి.

తర్వాత చాప్టర్ల వరుస. పుస్తకంలో ఉన్న వరుసలోనే వెళ్తే రొటేషన్ దగ్గర ఆగస్టు గడిచిపోతుంది, ఆత్మవిశ్వాసమూ పోతుంది. మీ స్థాయిలో ఉన్నవాళ్లు ఫార్ములా తక్కువ, ప్రశ్నల రకాలు తక్కువ ఉన్న చోట మొదలుపెట్టడం మంచిది: యూనిట్లు-డైమెన్షన్లు, ద్వంద్వ స్వభావం, పరమాణువులు, కేంద్రకాలు, సెమీకండక్టర్లు. ఇక్కడ గుర్తుంచుకోవలసిన అంకెలు గుప్పెడే. ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో కావాలంటే 1240ని నానోమీటర్లలోని తరంగదైర్ఘ్యంతో భాగించండి, 620 నానోమీటర్ల కాంతికి 2. వోల్టేజి కింద వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్‌కు డీబ్రోగ్లీ తరంగదైర్ఘ్యం ఆంగ్‌స్ట్రామ్‌లలో 12.27ను ఆ వోల్టేజి వర్గమూలంతో భాగిస్తే వస్తుంది, 100 వోల్టులకు 1.227. తర్వాత కరెంట్ ఎలక్ట్రిసిటీ, ఎలక్ట్రోస్టాటిక్స్, కెపాసిటర్లు, రే ఆప్టిక్స్, థర్మోడైనమిక్స్, గతిజ వాదం, గురుత్వాకర్షణ. ఆ తర్వాతే న్యూటన్ నియమాలు, పని-శక్తి, డోలనాలు, తరంగాలు, అయస్కాంతత్వం, ఏసీ. రొటేషన్‌నూ ఫ్లూయిడ్స్‌నూ చివర్లో పట్టుకోండి, కానీ వదలకండి. వాటిలోనూ నేరుగా ఫార్ములాతో తేలిపోయే ప్రశ్నలు వస్తాయి.

సమస్య సాధించే తీరులోనే అసలు తేడా ఉంది. లాంగ్‌టర్మ్‌లో రోజూ షీట్లు ఇస్తారు, సాయంత్రం సొల్యూషన్ ఇస్తారు. పిల్లలు సొల్యూషన్‌ను కథలా చదివి ‘అర్థమైంది’ అనుకుంటారు. అర్థమవుతుంది కూడా. వారం తర్వాత అదే లెక్క ఇస్తే మొదటి లైను రాయలేరు. ఇలా చేయండి: ప్రశ్న చదివి, ఇచ్చినవన్నీ యూనిట్లతో ఎడమవైపు రాయండి. సెంటీమీటర్లను మీటర్లలోకి, సెల్సియస్‌ను కెల్విన్‌లోకి, వ్యాసాన్ని వ్యాసార్ధంలోకి అక్కడే మార్చండి, మధ్యలో మార్చే అలవాటు వద్దు. బొమ్మ గీయండి. నాలుగు నిమిషాలు మీరే ప్రయత్నించండి. ఆగిపోతే సొల్యూషన్‌లో మొదటి లైను మాత్రం చూడండి, మిగతాది చేత్తో మూసి మీరే పూర్తిచేయండి. ఆ ప్రశ్న నంబరు పక్కన చుక్క పెట్టండి. మూడో రోజు ఖాళీ కాగితం మీద మళ్లీ చేయండి. అప్పుడూ రాకపోతే రెండో చుక్క. నెలాఖరుకు మీ దగ్గర రెండు చుక్కల ప్రశ్నల జాబితా ఒకటి ఉంటుంది. మీరు ఇక చేయవలసిన ఫిజిక్స్ అదే. రోజుకు చేత్తో చేసినవి పాతిక ప్రశ్నలుంటే చాలు. షీటులో 120 ఇచ్చారని కళ్లతో 120 పూర్తిచేయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఫార్ములా తెలిసినా ఎక్కడ వాడాలో తెలియకపోవడం రెండో జబ్బు. కెపాసిటర్‌లో డైఎలక్ట్రిక్ పెట్టారనుకోండి. బ్యాటరీ తగిలించే ఉంటే వోల్టేజి మారదు, నిల్వ శక్తి డైఎలక్ట్రిక్ స్థిరాంకం రెట్లు పెరుగుతుంది. బ్యాటరీ తీసేశాక పెడితే చార్జి మారదు, శక్తి అన్ని రెట్లు తగ్గుతుంది. ఒకే ఫార్ములా, రెండు విరుద్ధమైన జవాబులు. కాబట్టి ప్రతి చాప్టర్‌కూ ఒక పేజీ రాసుకోండి, అందులో ఫార్ములా పక్కన ‘ఏది మారకుండా ఉన్నప్పుడు’ అనే గడి తప్పకుండా ఉండాలి.

ఇప్పుడు పుస్తకాలు. ఇక్కడ చాలామంది నష్టపోతున్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. నీట్ సిలబస్‌ను నేషనల్ మెడికల్ కమిషన్ 2023లో సవరించింది, 2024 పరీక్ష నుంచి అదే నడుస్తోంది. అంతకుముందే కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ తన పుస్తకాల్లో కొన్ని పాఠాలు తీసేసింది. ఈ రెండు కోతలూ అచ్చంగా ఒకటి కావు. కొత్త ముద్రణలో బయాలజీ 32 పాఠాలు, ఫిజిక్స్ 28, కెమిస్ట్రీ 19. ఇవే ప్రాథమిక పుస్తకాలు. కానీ సిలబస్‌లో ఉండి కొత్త ముద్రణలో దొరకనివి కొన్ని ఉన్నాయి. పన్నెండో తరగతి కెమిస్ట్రీలో 15 నుంచి 18 గ్రూపుల పీ-బ్లాక్ పాఠం పుస్తకంలోంచి పోయింది, సిలబస్‌లో 13 నుంచి 18 దాకా గ్రూపులున్నాయి. ఫిజిక్స్‌లో లాజిక్ గేట్లు, జీనర్ డయోడ్ అంతే. బాటనీలో కొత్త పుస్తకంలో సొలనేసి ఒక్కటే మిగిలింది, సిలబస్‌లో మాల్వేసి, క్రూసిఫెరె, లెగ్యుమినోసె, కంపోజిటె, గ్రామినె కుటుంబాలున్నాయి. ఈ భాగాలకు పాత ముద్రణ జిరాక్స్ తెచ్చుకోండి. సిలబస్ కాగితం ప్రింట్ తీసి గోడకు అంటించుకుని, చాప్టర్ పూర్తయినప్పుడు పుస్తకంలోని విషయసూచికతో కాక దాంతో టిక్ కొట్టండి.

దీనికి ఎదురు జరిగిన సంగతి కూడా ఉంది. 2024 ఫిజిక్స్ పేపర్లో పరమాణువుల మీద ఒక స్టేట్‌మెంట్ ప్రశ్న వచ్చింది. ప్రతి మూలకం పరమాణువులూ స్థిరంగా ఉంటాయన్న వాక్యం పాత ఎన్‌సీఈఆర్‌టీలో ఉంది. కొత్తదాంట్లో దాన్ని ‘చాలా మూలకాలు’ అని మార్చారు. నీట్ నిర్వహించే ఎన్‌టీఏ మొదట రెండు జవాబులకూ మార్కులు ఇచ్చింది. వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్లి, ఐఐటీ ఢిల్లీ నిపుణులు ఒక్కటే జవాబు సరైనదని చెప్పారు. పాత పుస్తకం చదివినవాళ్లకు ఇచ్చిన 4 పోయి ఇంకో 1 కోత పడింది, 720 వచ్చినవాళ్ల సంఖ్య 61 నుంచి 17కి దిగింది. కాబట్టి రెండు ముద్రణల్లోనూ ఉన్న పాఠానికి కొత్తదే ప్రమాణం, కొత్తదాంట్లో లేని భాగానికి మాత్రమే పాతది. అక్కయ్య చదివిన పుస్తకాలు ఇంట్లో ఉన్నాయని వాటితోనే సరిపెట్టుకోవద్దు. తెలుగు అకాడమీ పుస్తకాలు విషయం అర్థం కావడానికి మంచివే, ఇంటర్‌లో చదివారు కాబట్టి పరిచయమూ ఉంటుంది. రెండింట్లో అంకె గానీ ఉదాహరణ గానీ తేడాగా ఉంటే ఎన్‌సీఈఆర్‌టీ మాటే నీట్‌లో చెల్లుతుంది.

బయాలజీలో మీ 23 తప్పులను కీతో కాక, పుస్తకంలోని వాక్యంతో పోల్చండి. ప్రతి తప్పుకూ ఆ వాక్యం ఎక్కడుందో వెతికి పెన్సిల్‌తో గీత పెట్టండి. ఎక్కువ గీతలు పటాల కింది రాతల్లో, పట్టికల్లో, కుండలీకరణాల్లోని ఉదాహరణల్లో పడతాయి, ఎందుకంటే చదివేటప్పుడు మనం దాటేసేవి అవే. మార్ఫాలజీలో అండాన్యాసం (అండాశయంలో అండాల అమరిక) చూడండి: ఉపాంత రకానికి బఠానీ, స్తంభానికి మందార, టమాటా, నిమ్మ, కుడ్యానికి ఆవ, ఆర్జిమోన్, స్వేచ్ఛా కేంద్రకానికి డయాంథస్, ప్రిమ్‌రోజ్, పీఠానికి పొద్దుతిరుగుడు, బంతి. ఇవి విడివిడిగా అందరికీ వచ్చు. ఏస్టివేషన్ (మొగ్గలో రేకుల అమరిక) ఉదాహరణలు కూడా పక్కన పెట్టి మ్యాచింగ్ ఇస్తే మందార, బఠానీ రెండు జాబితాల్లోనూ ఉండి తికమక పెడతాయి. అందుకే జాబితాను రకం వైపు నుంచి ఒకసారి, మొక్క వైపు నుంచి ఒకసారి చదవాలి. మందార అనగానే స్తంభ అండాన్యాసం, మెలితిరిగిన ఏస్టివేషన్ రెండూ నోటికి రావాలి.

అంకెలకు వేరే నోటుబుక్కు పెట్టండి. మాలిక్యులర్ పాఠం ఒక్కటే తీసుకోండి. ఫై ఎక్స్ 174లో 5386 న్యూక్లియోటైడ్లు, లాంబ్డా ఫేజ్‌లో 48502 బేస్ పెయిర్లు, ఈ.కోలైలో 46 లక్షలు. మానవ డీఎన్‌ఏకు పాఠం మొదట్లో 330 కోట్లు అని, జీనోమ్ ప్రాజెక్టు దగ్గర సుమారు 300 కోట్లు అని, అక్కడే ముఖ్యాంశాల్లో 316.47 కోట్లు అని మూడు రకాలుగా ఉంటుంది. ప్రశ్నలో ఏ సందర్భం ఉందో చూసి జవాబు పెట్టాలి. ఫిజియాలజీలో ఊపిరితిత్తుల పరిమాణాలు (టైడల్ 500 మి.లీ., ఇన్‌స్పిరేటరీ రిజర్వు 2500–3000, ఎక్స్‌పిరేటరీ రిజర్వు 1000–1100, రెసిడ్యువల్ 1100–1200), వాయువుల పాక్షిక పీడనాల పట్టిక, మూత్రపిండాల వడపోత నిమిషానికి 125 మి.లీ., రోజుకు 180 లీటర్లు. పరిమాణాలు తెలిస్తే కెపాసిటీలు బట్టీ పట్టక్కర్లేదు, కూడిక చాలు. కణచక్రంలో మనిషి కణానికి 24 గంటలు, ఈస్ట్‌కు 90 నిమిషాలు. వారానికోసారి ఈ నోటుబుక్కు చూసే అరగంట, కొత్త మెటీరియల్ చదివే మూడు గంటలకంటే ఎక్కువ మార్కులు తెస్తుంది.

జెనెటిక్స్‌లో మాత్రం చదవడం సరిపోదు, చేయాలి. వంశవృక్షాలు రోజుకు రెండు గీయండి. హార్డీ-వీన్‌బర్గ్ లెక్కల్లో అందరూ ఒకేచోట జారతారు: అంతర్గత (రిసెసివ్) లక్షణం చూపే వ్యక్తులు 16 శాతం అని ఇస్తే 0.16ను అలీల్ పౌనఃపున్యం అనుకుంటారు. అది ఆ పౌనఃపున్యం వర్గం (స్క్వేర్). వర్గమూలం 0.4, రెండో అలీల్‌కు 0.6, విషమయుగ్మజాలు (హెటిరోజైగస్) 2 × 0.4 × 0.6, అంటే 48 శాతం.

ఒక పాఠం పూర్తయ్యాక మర్నాడు, వారానికి, నెలకు మళ్లీ చూడాలి. రెండోసారి నుంచి పుస్తకం తెరిచి మొదటి లైను నుంచి చదవొద్దు. ముందు మూసి పెట్టి హెడ్డింగుల ప్రకారం గుర్తున్నది గబగబా చెప్పుకోండి, ఆగిపోయిన చోట మాత్రమే తెరవండి. రంగురంగుల హైలైటర్లు కొన్నంతమాత్రాన ఈ పని జరగదు. పేజీ మొత్తం పసుపైతే అందులో ముఖ్యమైనది ఏదీ లేనట్టే.

కెమిస్ట్రీలో మీరు 8 ప్రశ్నలు వదిలేశారు, బహుశా టైం చాలక. ఇనార్గానిక్‌ను బయాలజీలాగే లైను లైనుగా చదవాలి. ఆర్గానిక్‌లో ప్రతి రియాక్షన్‌నూ రియేజెంటు, పరిస్థితి, ఏం పోయి ఏం వచ్చింది అని మూడు గడుల్లో రాసుకుని, వెనుక నుంచి కూడా మిమ్మల్ని మీరే అడగండి: ఈ ఉత్పన్నం కావాలంటే దేనితో మొదలెట్టాలి? ఫిజికల్‌లో ఎన్‌సీఈఆర్‌టీ పాఠం మధ్యలో ఇచ్చిన లెక్కలు, చివరి లెక్కలు రెండూ పూర్తిచేశాకే బయటి మెటీరియల్. గ్యాస్ స్థిరాంకం 8.314 ఎక్కడ, 0.0821 ఎక్కడ అన్నది యూనిట్లే చెబుతాయి. ఘన స్థితి, సర్ఫేస్ కెమిస్ట్రీ, మెటలర్జీ, హైడ్రోజన్, ఎస్-బ్లాక్, పాలిమర్లు సిలబస్‌లో లేవు. పాత మెటీరియల్‌లో వాటి షీట్లు వస్తే పక్కన పడేయండి.

ప్రాక్టికల్ భాగం మాత్రం మన పిల్లల బలహీనత. ల్యాబ్‌లో అడుగుపెట్టకుండానే ఇంటర్ ముగిసిన కాలేజీలు కొల్లలు. సవరించిన సిలబస్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండింటికీ ప్రయోగాలకు విడిగా యూనిట్ ఉంది. సాల్ట్ అనాలిసిస్‌లో పది కాటయాన్లే: అమ్మోనియం సున్నా గ్రూపు, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో లెడ్, ఆమ్ల సమక్షంలో హైడ్రోజన్ సల్ఫైడ్‌తో కాపర్, అమ్మోనియం క్లోరైడ్-అమ్మోనియం హైడ్రాక్సైడ్‌తో అల్యూమినియం, ఫెర్రిక్, క్షార సమక్షంలో హైడ్రోజన్ సల్ఫైడ్‌తో జింక్, నికెల్, అమ్మోనియం కార్బొనేట్‌తో కాల్షియం, బేరియం, చివరికి మెగ్నీషియం. దీంతోపాటు పర్మాంగనేట్ టైట్రేషన్లు (ఆక్జాలిక్ ఆమ్లం, మోర్ లవణం), లసైన్ పరీక్ష, ఎసిటనిలైడ్, అయోడోఫామ్ తయారీలు. ఫిజిక్స్‌లో వెర్నియర్, స్క్రూగేజ్, మీటర్ బ్రిడ్జ్, రెసొనెన్స్ ట్యూబ్. అర మి.మీ. పిచ్, 50 విభాగాలుంటే స్క్రూగేజ్ కనీసపు కొలత 0.01 మి.మీ. దాకా అందరూ చేస్తారు. జీరో ఎర్రర్ పాజిటివ్ అయితే తీసేయాలా కలపాలా అన్న దగ్గర మార్కు పోతుంది (తీసేయాలి). ఈ రెండు యూనిట్లకూ కలిపి పది రోజులు చాలు.

పరీక్షల సంగతి. ఫిబ్రవరి నుంచి వారానికి రెండు పూర్తి పేపర్లు, అంతకుముందు నెలకు రెండు. మధ్యాహ్నం 2 నుంచి 5 వరకే రాయండి. నీట్ జరిగేది ఆ వేళల్లో. హాస్టల్ భోజనం చేసి మూడు గంటలు కదలకుండా కూర్చునే అలవాటు ముందే పడాలి. పాత పేపర్లు 2013 నుంచి దొరుకుతాయి. 2014, 2015వి ఏఐపీఎంటీ (అప్పటి మెడికల్ ప్రవేశ పరీక్ష) పేరుతో ఉంటాయి, 2016లో రెండు పేపర్లు. 2021 నుంచి 2024 వరకు 200 ప్రశ్నలు ఇచ్చి 180 రాయమనేవారు. ఆ పేపర్లు పెట్టుకుంటే ఏరుకుని రాసే భాగమైన సెక్షన్-బీలో మొదటి పది ప్రశ్నలే తీసుకోండి, ఏరుకునే సౌకర్యం 2025 నుంచి లేదు. 2025 పేపర్‌ను ఇప్పుడే చూసేయకుండా జనవరికి దాచుకోండి, ఫిజిక్స్‌లో ఎక్కడున్నారో అది నిక్కచ్చిగా చెబుతుంది.

టైం ఇలా పంచుకోండి: బయాలజీ 50 నిమిషాలు, కెమిస్ట్రీ 48, ఫిజిక్స్ 67, మిగిలిన 15 వెనక్కి వెళ్లడానికి. ఈ నిమిషాల్లో ఓఎంఆర్ (జవాబుల గడులున్న కాగితం) దిద్దడమూ కలిసే ఉంది. ఒక్కో గడికి ఐదు సెకన్లు వేసుకున్నా 180 గడులకు పావుగంట. చివర్లో ఒకేసారి దిద్దుదామనుకున్నవాళ్లకే 4:50కి చెమటలు పడతాయి, ఒక వరుస తప్పితే కింది గడులన్నీ తప్పుతాయి. పేజీ పూర్తికాగానే ఆ పేజీ గడులు దిద్దండి. ఫిజిక్స్‌లో ఒక ప్రశ్న మీద రెండున్నర నిమిషాలు దాటితే గుర్తు పెట్టి ముందుకు పోవాలి.

పరీక్ష రాసిన రోజే కాకపోయినా మర్నాడు దాని మీద నాలుగు గంటలు కూర్చోవాలి. ప్రతి తప్పు పక్కనా నాలుగింట్లో ఒకటి రాయండి: తెలియదు, చదివాను గానీ గుర్తు రాలేదు, లెక్క తప్పు, ప్రశ్న తప్పు చదివాను. మొదటి రకానికి పాఠం మళ్లీ చదవాలి. రెండో రకానికి రివిజన్ వ్యవధి తగ్గించాలి. మూడో రకం ఎక్కువైతే రఫ్ వర్క్ చిందరవందరగా ఉందని అర్థం. ప్రశ్న నంబరు వేసి, గీత కొట్టి, వరుసగా రాయండి. నాలుగో రకానికి మందు చాలా చిన్నది: ‘సరికానిది’, ‘తప్ప’, ‘అతి తక్కువ’ లాంటి మాటల చుట్టూ చదువుతున్నప్పుడే సున్నా చుట్టండి. ‘అజాగ్రత్త’ అని మాత్రం రాయకండి. ఆ మాట రాశాక ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

రోజుకు ఎన్ని గంటలని అడిగారు. లాంగ్‌టర్మ్‌లో పొద్దున్నుంచి రాత్రి పది వరకు వాళ్ల టైంటేబులే నడుస్తుంది. మీరు చూసుకోవలసింది అందులో మీ చేతిలో ఉన్న గంటలు ఎన్ని అని. నాలుగు గంటలైనా సొంత చదువు లేని చోట చేరకండి, ఎంత పేరున్న బ్రాంచి అయినా సరే. ఆ నాలుగింట్లో రెండు ఫిజిక్స్‌కు, అదీ బుర్ర తాజాగా ఉన్న వేళకు. ఒకటి బయాలజీ రివిజన్‌కు, ఒకటి కెమిస్ట్రీకి. నిద్ర ఏడు గంటలకు తగ్గితే లెక్క తప్పుల గడి నిండిపోతుంది, మీ నోటుబుక్కులోనే కనబడుతుంది. అక్టోబరు చివరికి సిలబస్ ఒక చుట్టు, జనవరి చివరికి రెండో చుట్టు. ఏప్రిల్‌లో కొత్త పుస్తకం ఏదీ తెరవకూడదు.

మీరు అడగలేదు గానీ, దరఖాస్తులో భాష ఎంచుకునేటప్పుడు ఆలోచించండి. తెలుగు ఎంచుకుంటే బుక్‌లెట్‌లో తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఉంటాయి, సెంటరు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే పడుతుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ పాఠమే చెల్లుతుంది. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇది మేలే, కానీ ఏడాదంతా ఇంగ్లిష్ ఎన్‌సీఈఆర్‌టీ చదివి అక్కడ ‘స్థూలకోణ కణజాలం’ చూసి కోలెంకైమా అని పోల్చుకునేలోపు సమయం పోతుంది. చదివిన భాషలోనే రాయండి.

హాలులో 1:30కి గేటు మూస్తారు, పెన్ను వాళ్లే ఇస్తారు. బుక్‌లెట్ చేతికి రాగానే దాని మీది కోడ్, ఓఎంఆర్ మీది కోడ్ ఒకటేనా చూసుకోండి. తేడా ఉంటే ఏమీ దిద్దకముందే ఇన్విజిలేటర్‌కు చెప్పి రెండూ మార్పించుకోవాలి. బయటికొచ్చేటప్పుడు ఓఎంఆర్ ఒరిజినల్, ఆఫీసు కాపీ రెండూ ఇచ్చేసి ప్రశ్నల బుక్‌లెట్ వెంట తెచ్చుకోవచ్చు. పెట్టిన ఆప్షన్‌కు అందులోనూ గుర్తు పెట్టుకుంటే కీ విడుదలయ్యాక లెక్క చూసుకోవడానికి, అభ్యంతరం పెట్టాలంటే దానికీ పనికొస్తుంది.